కారు మోకాళ్లలో గుజ్జు

షాకబ్జర్లు నాలుగూ కొత్తవి. టైర్లు మార్చి ఆరు నెలలు కాలేదు. వీల్ అలైన్‌మెంట్ మూడుసార్లు చేయించాను. అయినా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో పోతూ బ్రేకు నొక్కితే చాలు, నా స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ ముక్కు వేలెడంత ఎడమకు జరిగేది. బ్రేకు వదిలితే మళ్లీ తనంతట తానే సర్దుకునేది. స్టీరింగ్ పట్టుకున్న చేతికి తప్ప పక్క సీట్లో కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు. చూపించిన ప్రతిచోటా ఒకటే మాట: ఇరవయ్యేళ్ల బండి ఇలాగే ఉంటుంది, అమ్మేయండి. ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఇంజిన్ ఇంకా మొదటి రోజులాగే లాగుతోంది, బాడీలో ఎక్కడా తుప్పు లేదు. మరి ముసలిదైంది ఏమిటి?

జవాబు విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. అక్కడొక పెద్ద మేస్త్రీ బండిని జాకీ మీదకైనా ఎక్కించలేదు. "రివర్సులో నాలుగడుగులు పోనిచ్చి టక్కున బ్రేకు కొట్టండి సార్" అన్నారు. కొట్టాను. ఎడమ చక్రం దగ్గర 'కటక్'మంది. "ఇప్పుడు ముందుకు పోనిచ్చి కొట్టండి." మళ్లీ అదే చప్పుడు. ఆయన ముందు చక్రానికి పక్కగా గొంతుక్కూర్చుని, ఇంకోసారి చేయించి చూశారు. "లోయర్ ఆర్ము వెనక బుష్ పోయిందండీ. షాకులెందుకు మార్చారు?"

డబ్బు పోయినందుకు బాధ లేదు. మన ఊళ్లలో ఎన్నో మంచి బండ్లు ఇలాగే అమ్ముడుపోతున్నాయన్న సంగతి తెలిసింది. అది బాధ.

గుజ్జు ఎక్కడుంటుంది

మోకాళ్లలో గుజ్జు అరిగిందని డాక్టరు చెబితే ఎముక విరిగిందని కాదు. రెండు ఎముకల మధ్య ఉండాల్సిన మెత్తదనం పోయిందని. కారు సస్పెన్షన్‌లో ఆ గుజ్జు పేరు బుష్. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో సన్న గొట్టం, రెంటి మధ్యా రబ్బరు. ఆ రబ్బరును ఫ్యాక్టరీలోనే వేడితో ఇనుముకు అతికిస్తారు. బయటి గొట్టం, చక్రాన్ని పట్టుకుని ఊగే ఆర్ములో బిగుసుకుని కూర్చుంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు నొక్కిపట్టి కదలనివ్వదు. చక్రం గుంతలో దిగినా గట్టెక్కినా ఆర్ము ఊగుతుంది. అప్పుడు ఏ గొట్టమూ జారదు, మధ్యలో రబ్బరే మెలిపడి మళ్లీ విప్పుకుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

పాతకాలపు బండ్లలో కీలుకీలుకూ ఇనుము మీద ఇనుమే. గ్రీజు నిపుల్స్ ఉండేవి, గ్రీజు గన్ పట్టుకుని బండి కిందకు దూరే కుర్రాడు ప్రతి షెడ్డులోనూ ఉండేవాడు. అంబాసిడర్ నడిపినవాళ్లకు ఆ సర్వీసు బాగా గుర్తే. రబ్బరు వచ్చాక గ్రీజు బెడద పోయింది, చప్పుడూ పోయింది. ఫ్రెంచివాళ్లు, స్పానిష్‌వాళ్లు ఇప్పటికీ దీన్ని సైలెంట్‌బ్లాక్ అనే పిలుస్తారు. చప్పుడు రానివ్వని దిమ్మె అన్నమాట. పేరు చక్కగా కుదిరింది. అయితే చప్పుడు చేయని వస్తువును ఎవరూ పట్టించుకోరు. గ్రీజు కొట్టే నెపంతోనైనా ఒకప్పుడు నెలకోసారి కీళ్లను చూసేవాళ్లు. ఇప్పుడు పదేళ్లయినా చూసేవాళ్లు లేరు.

చాలామంది రబ్బరు పెట్టింది కుదుపు తగ్గించడానికే అనుకుంటారు. అది సగం నిజం. చక్రం ఎటు ఎంత వంగాలో, ఎటు అసలు వంగకూడదో కూడా ఆ రబ్బరే నిర్ణయిస్తుంది. 1977లో వచ్చిన పోర్షే 928ని చూడండి. మలుపులో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే వెనక చక్రాలు బయటికి తిరిగి బండి గిరగిరా తిరగడం ఆ కాలపు వేగమైన కార్ల జబ్బు. పోర్షే ఇంజినీర్లు వెనక సస్పెన్షన్ కీళ్లలో ఒకచోట మెత్తదనాన్ని లెక్కకట్టి పెట్టారు. చక్రాన్ని వెనక్కి లాగే బలం పడగానే ఆ కీలు కొద్దిగా వంగి, చక్రాన్ని లోపలికి తిప్పుతుంది. జబ్బు చేసే బలమే మందైంది. దానికి వైసాక్ యాక్సిల్ అని తమ పరిశోధన కేంద్రం ఉన్న ఊరి పేరు పెట్టుకున్నారు. రబ్బరు మెత్తగా ఉండటం తయారీలో రాజీ కాదు, కొలతపెట్టి చేసిన రూపకల్పన. అది ఎండి గట్టిపడినా, చిరిగి వదులైనా ఇంజినీరు వేసిన లెక్క తప్పుతుంది.

ఆర్‌ఎస్ సంగతి

2001లో మన దేశంలో అడుగుపెట్టిన స్కోడా, ఔరంగాబాద్‌లో ఆక్టేవియాలు బిగించి అమ్మింది. ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చిన ఆర్‌ఎస్ మనకు కొత్త రుచి. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజిను, సిలిండరుకు ఐదు వాల్వులు, 150 హార్స్‌పవర్. యూరప్‌లో దీనికి 180 ఇచ్చారు. అయినా ఆ రోజుల్లో మనకు 150 అంటే చిన్న మాట కాదు. పైగా వెనక ర్యాలీ వాసన ఉంది. 2001 సఫారీ ర్యాలీలో ఆర్మిన్ ష్వార్జ్ ఆక్టేవియాలో మూడో స్థానంలో నిలిచాడు.

ఈ బండి కింది భాగం నాలుగో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌ది. ఆడీ టీటీ కూడా ఆ కుటుంబమే. ముందు ప్రతి చక్రానికీ కింద ఒక ఇనుప ఆర్ము ఉంటుంది, దానికి రెండు బుష్‌లు. ముందున్నది చిన్నది, అడ్డంగా పడుకుని ఉంటుంది. ఆర్ము ఊగినప్పుడల్లా మెలిపడేది ఇదే. వెనకున్నది పెద్దది, నిలువుగా ఉంటుంది, బోల్టు కింద నుంచి పైకి పోతుంది. దాని రబ్బరులో కావాలనే రెండు ఖాళీలు వదిలారు. ఖాళీ ఉన్న దిశలో మెత్తగా, రబ్బరు నిండిన దిశలో గట్టిగా ఉండటానికి. బ్రేకు వేస్తే చక్రం వెనక్కి తన్నే దెబ్బలో ఎక్కువ భాగం ఈ పెద్ద బుష్ మీదే పడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే అదే బలం ముందుకు లాగుతుంది. రోజుకు వందలసార్లు జరిగే పని ఇది.

నా బండి బ్రేకుకు పక్కకెందుకు జరిగిందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఎడమ వెనక బుష్‌లో రబ్బరు చిరిగింది. బ్రేకు పడగానే ఎడమ చక్రం కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతోంది. స్టీరింగ్ రాడ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. చక్రం జరిగి, రాడ్ జరగకపోతే చక్రం తిరగక తప్పదు. అలైన్‌మెంట్ మూడుసార్లు చేయించినా ఎందుకు దొరకలేదు? ఆ యంత్రం మీద బండి కదలకుండా నిలబడి ఉంటుంది. బ్రేకు బలం అక్కడ లేదు. తెర మీద అంకెలన్నీ పచ్చగా కనిపించాయి, రోడ్డు మీద బండి వంకర పోయింది. రెండు పక్కలా సమానంగా అరిగితే ఇంకా మోసం, బండి పక్కకు లాగదు. మెల్లగా టైర్ల లోపలి అంచులు మాత్రం నున్నగా అయిపోతాయి.

చెవితో, చేతితో, ఆ తర్వాతే కంటితో

జబ్బు కనిపెట్టడం బండి కిందకు దూరాక కాదు, డ్రైవరు సీట్లోనే మొదలవ్వాలి. మేస్త్రీ చేయించిన ముందుకు-వెనక్కి బ్రేకు పరీక్షే మొదటిది. ఖాళీ స్థలంలో, నడక వేగంలో చేయాలి. ఎవరినైనా చూడమంటే వాళ్లు పక్కన దూరంగా నిలబడాలి, బండి ఎదుట కాదు. చక్రం గూట్లో ముందుకో వెనక్కో జరగడం కంటికి తెలిసిపోతుంది. ఫోనులో వీడియో తీసి నెమ్మదిగా చూస్తే మరీ మంచిది.

రెండోది యాక్సిలరేటర్ పరీక్ష. తిన్నని, ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో గట్టిగా తొక్కి, ఒక్కసారిగా కాలు తీయండి. తొక్కినప్పుడు ఒకవైపు, తీసినప్పుడు ఇంకోవైపు ముక్కు ఊగితే అనుమానం లోయర్ ఆర్ము బుష్‌ల మీదే.

చప్పుళ్ల విషయంలో తొందరపడకూడదు. స్పీడ్ బ్రేకర్ మీద 'టక టక'మంటే వెంటనే బుష్ అనేస్తారు, వెంటనే షాకబ్జరు అనేవాళ్లు ఇంకా ఎక్కువ. నేను చేసే పని ఇది. ముందు స్పీడ్ బ్రేకరును తిన్నగా, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా దాటుతాను. తర్వాత ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు స్టెబిలైజర్ బారు మెలిపడదు, దానికి పని ఉండదు. ఒక్కొక్కటిగా లేచినప్పుడే మెలిపడుతుంది. కాబట్టి ఏటవాలుగా పోయినప్పుడే చప్పుడు వస్తే స్టెబిలైజర్ లింకులో దాని రబ్బర్లో పోయినట్టు. అది మార్చడం చిన్న పని. నిలబడిన బండిలో స్టీరింగ్ తిప్పుతుంటే స్ప్రింగు 'టంగ్'మని దూకితే పైనున్న స్ట్రట్ మౌంటు చూడాలి. గుంత దాటాక బండి రెండు మూడుసార్లు ఊగుతూనే ఉంటే, అప్పుడు షాకబ్జరు. ఎనభై వంద మధ్య స్టీరింగ్ వణికితే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూపించండి. సరిచేసిన కొద్ది రోజులకే మళ్లీ వణికితే బుష్ వైపు తిరగండి. మంచి బుష్ చిన్నచిన్న తేడాలను మింగేస్తుంది, అరిగిన బుష్ వాటిని చేతిదాకా తెస్తుంది.

ఇప్పుడు బండి కిందకు. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ దూరొద్దు, కింద స్టాండ్లు ఉండి తీరాలి. వీలైతే చక్రాలు నేల మీదున్నట్టే ఉండే పిట్టో, నాలుగు స్తంభాల ర్యాంపో వాడండి. గాల్లో చక్రం వేలాడుతున్నప్పుడు రబ్బరు వేరే దిక్కుకు సాగి ఉంటుంది, పగులు మూసుకుపోయి దాక్కోవచ్చు. ఆర్ముకూ, అది బిగిసి ఉన్న సబ్‌ఫ్రేముకూ మధ్య పొడుగు రాడ్ పెట్టి మెల్లగా ఎత్తి చూడాలి. మంచి బుష్ కొద్దిగా సాగి, వదలగానే వెనక్కి వస్తుంది. పోయినది జారి, ఇనుము ఇనుముకు తగులుతుంది. తగిలినచోట తళతళలాడే గీత పడి ఉంటుంది. ఆ మెరుపు కనబడితే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఒక మాట. పైపైన సన్న బీటలు కనపడగానే బుష్ పోయిందని తేల్చేవాళ్లున్నారు. ఎండకు, గాలికి రబ్బరు పైపొర బీటలు తీయడం మామూలే. చూడాల్సింది లోతు. రబ్బరు ఇనుము నుంచి విడివడిందా, ఖాళీల పక్కనున్న సన్నపాటి వంతెన చిరిగిందా అని చూడాలి. రబ్బరు ఉబ్బి, వేలితో నొక్కితే జిగురుగా తగిలితే అది అరుగుదల కాదు, పైనుంచి ఆయిలు కారుతోంది. సహజ రబ్బరుకు ఇంజిన్ ఆయిలు విషం. ముందు ఆ కారడం ఆపకుండా కొత్త బుష్ వేస్తే దాని గతీ అంతే.

మార్చేటప్పుడు

పని పెద్దది కాదు, కానీ ఓపిక కావాలి. ముందురోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలించే ఆయిలు పట్టించి ఉంచితే తెల్లారి సగం యుద్ధం గెలిచినట్టే. ఆర్ము చివర బాల్ జాయింటు ఉంటుంది, మూడు బోల్టులతో. విప్పే ముందు అవి కూర్చున్న చోటు చుట్టూ గీత గీసుకోవాలి. అది కొంచెం అటూ ఇటూ అయితే చక్రం నిలువు వాలు మారిపోతుంది. ఆర్ము బోల్టులు ఒకసారి బిగించాక సాగే రకం. విప్పిన వాటిని మళ్లీ వాడొద్దు, కొత్తవి తెప్పించండి. బుష్‌లు కొనేటప్పుడు బోల్టులు మరిచిపోవడం నేను తరచూ చూసే తప్పు.

పాత బుష్ తీయడంలోనే మన షెడ్లలో ఘోరాలు జరుగుతాయి. గ్యాసు మంట పెట్టి రబ్బరు కాల్చేస్తారు. ఆ నల్లటి పొగ పీల్చేది పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఆ వేడికి ఆర్ము పెయింటు పోయి తుప్పుకు దారి దొరుకుతుంది. లేత్ షాపులో హైడ్రాలిక్ ప్రెస్ ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లండి. మొండికేస్తే బయటి గొట్టాన్ని హ్యాక్‌సా బ్లేడుతో లోపలి నుంచి నెమ్మదిగా కోస్తే ఊడివస్తుంది. ఆర్ము మీద గాటు పడకూడదు. కొత్తది దించేటప్పుడు సబ్బు నీళ్లు చాలు, గ్రీజు రాయొద్దు. ప్రెస్ బయటి గొట్టం అంచు మీదే ఆనాలి. మధ్యలో నొక్కితే రబ్బరు అతుకు మొదటిరోజే విడిపోతుంది.

పెద్ద బుష్‌ను ఏ వైపు తిప్పి పెట్టాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. దాని మీద గుర్తు ఉంటుంది, ఆర్ము మీదా ఉంటుంది, రెండూ ఎదురెదురుగా రావాలి. ఖాళీల దిక్కు మారితే మెత్తగా ఉండాల్సినచోట గట్టిగా, గట్టిగా ఉండాల్సినచోట మెత్తగా ఉంటుంది. కొత్త బుష్ వేశాక బండి ముందుకన్నా చెడిందని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఇదే.

వెనక కథ వేరు. అక్కడ ఒకే అడ్డ బీము, దాని రెండు కొసల్లో రెండు పెద్ద బుష్‌లు. ఇవి తీయాలంటే బీమును కిందకు దించాలి, బ్రేకు గొట్టాలు లాగబడకుండా చూసుకోవాలి, తగిన పుల్లరు ఉండాలి. ఇది సొంతంగా చేసే పని కాదు. మలుపులో బండి వెనక భాగం ఆలస్యంగా వంగి, తర్వాత ఒక్కసారిగా సర్దుకున్నట్టు అనిపిస్తే వీటిని అనుమానించండి.

రబ్బరా, పాలీయురెథేనా? ఆర్‌ఎస్ యజమానులు ఇద్దరు కలిస్తే గంట గడిచిపోయే చర్చ ఇది. పాలీ గట్టిది, ఆయిలుకు చెడదు. దాని పని తీరే వేరు. రబ్బరులా మెలిపడదు, లోపలి గొట్టం చుట్టూ తిరుగుతుంది. అందుకే గ్రీజు అడుగుతుంది, అది ఎండితే కిర్రుకిర్రుమంటుంది. రేసు ట్రాక్ మీద తిరిగే బండికి పాలీ వేయండి, నేను కాదనను. మన రోడ్ల మీద తిరిగే బండికి మాత్రం నా ఓటు రబ్బరుకే. రబ్బరు మింగాల్సిన దెబ్బ పాలీ మింగకపోతే అది సబ్‌ఫ్రేముకు పోతుంది, బాడీకి పోతుంది, చివరికి మన నడుముకు చేరుతుంది. ఆర్‌ఎస్‌కు మధ్యేమార్గం కూడా ఉంది. ఆడీ టీటీలో ఇదే చోట వాడిన వెనక బుష్ ఖాళీలు లేకుండా నిండు రబ్బరుతో ఉంటుంది, కొలత ఇదే. నా బండికి అదే వేయించాను. రోడ్డు చప్పుడు కాస్త పెరిగింది, దాచను. బ్రేకుకు ముక్కు జరగడం మాత్రం పోయింది. స్టెబిలైజర్ బారుకైతే పాలీ వేసుకోండి, అక్కడ నష్టం లేదు.

కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. ఢిల్లీ కాశ్మీరీ గేట్ నుంచి వచ్చినా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరికినా, అటక మీద పదేళ్లు మగ్గిన రబ్బరు వాడకుండానే ముసలిదవుతుంది. ఎడమది పోయిందని ఎడమదే మార్చొద్దు, జత మార్చండి.

ఆ చివరి బిగింపు

ఇప్పుడు మొదట గుర్తుపెట్టుకోమన్న సంగతి. రబ్బరు బుష్ మెలిపడి పనిచేస్తుంది, లోపలి గొట్టం బోల్టు దగ్గర కదలదు. కాబట్టి బోల్టు బిగించిన క్షణాన ఆర్ము ఏ కోణంలో ఉందో, ఆ రబ్బరుకు అదే విశ్రాంతి స్థానం. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు బిగిస్తే? బండి కిందకు దించగానే ఆర్ము పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది. ఇంక అది జీవితాంతం మెలిపడే ఉంటుంది. నిలబడిన బండిలోనూ, రాత్రి గ్యారేజీలోనూ దానికి విశ్రాంతి ఉండదు. గుంత వస్తే అప్పటికే సాగిన రబ్బరు ఇంకా సాగాలి. ఏళ్లు రావాల్సింది నెలల్లో చిరుగుతుంది. తర్వాత మనం 'డూప్లికేట్ మాల్ ఇచ్చాడు' అని కొట్టువాణ్ని తిట్టుకుంటాం.

ఈ బండిలో ముందు చిన్న బుష్‌కూ, వెనక బీము బుష్‌లకూ ఇది తప్పనిసరి. చేయాల్సింది తేలిక. విప్పకముందే, బండి నేల మీదున్నప్పుడు, చక్రం నడిమధ్య నుంచి ఫెండరు అంచు దాకా టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. బిగించే ముందు హబ్బు కింద జాకీ పెట్టి, అదే అంకె వచ్చేదాకా లేపండి. అప్పుడు టార్క్ రెంచితో కంపెనీ చెప్పినంత బిగించి, ఆ పైన చెప్పినన్ని డిగ్రీలు తిప్పండి. ర్యాంపో పిట్టో ఉంటే టేపు కూడా అక్కర్లేదు, బండి బరువు చక్రాల మీద ఉంచి కిందనుంచి బిగిస్తే సరిపోతుంది. వీల్ అలైన్‌మెంట్ ఆ తర్వాత.

చాలా షెడ్లలో ఈ పని రెండు స్తంభాల లిఫ్టు మీద, చక్రాలు వేలాడుతుండగానే, ఎయిర్ గన్‌తో 'గర్ర్'మని ఒక్క క్షణంలో అయిపోతుంది. చేసేవాళ్లు మోసగాళ్లు కారు, వాళ్లకెవరూ చెప్పలేదంతే. మీ బండి బుష్‌లు మార్పించేరోజు పక్కనే నిలబడండి. "అన్నా, ఆ బోల్టు వదులుగానే ఉంచు, బండి కిందకు దిగాక బిగిద్దాం" అని అడగండి. పది నిమిషాల పని, కాదనరు.